కొట్లో దొరకని కార్డులు

ఆమెను అందరూ కార్డులక్క అంటారు. గ్రీటింగు కార్డులు అమ్మే కొట్లో పెళ్ళికి ముందే పనికి చేరి, తల నెరిసేదాకా ఆ కౌంటరు వెనకే నిలబడింది. బస్టాండుకూ మార్కెట్టుకూ మధ్య వీధిలో, రైలుపెట్టెలా సన్నగా పొడుగ్గా ఉండేది ఆ కొట్టు. రెండు గోడలకూ కింది నుంచి పైదాకా అరలే. పుట్టినరోజుకు ఒక వరస, పెళ్ళికి ఒక వరస, కొత్త ఇంటికి ఒకటి, కొత్త ఉద్యోగానికి ఒకటి. కళ్ళకు గంతలు కట్టినా ఆమె ఏ కార్డు కావాలంటే ఆ కార్డు తీసి ఇచ్చేది.

అయితే ఆమెకు బాగా గుర్తుండిపోయినవి అరల్లో ఉన్న కార్డులు కావు. జనం అడిగినా దొరకనివి.

"మా మావగారు సిగరెట్లు మానేశారండీ, దానికేమైనా ఉందా?" అని ఒక కోడలు అడిగింది. "మా ఫ్రెండు డ్రైవింగు టెస్టు మళ్ళీ తప్పింది. నవ్వొచ్చేది ఇవ్వండి, ఏడిపించేది వద్దు" అని ఒక అమ్మాయి. ఒక పెద్దమనిషైతే అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ కార్డులో అలా కనబడకూడదు" అన్నాడు. ఇలాంటివాళ్ళందరి చేతుల్లో 'శుభాకాంక్షలు' అని రాసి ఉన్న పూల బొమ్మ పెట్టి పంపేది ఆమె. చెప్పులకోసం వచ్చినవాడికి గొడుగు అంటగట్టినట్టు లోలోపల చిన్నతనంగా ఉండేది.

ఫోన్లు వచ్చాక కొట్లో బేరాలు పల్చబడ్డాయి. కొంతకాలం పెన్నులూ, ఆ తరవాత ఫోను కవర్లూ పెట్టి చూశారు. చివరికి ఓనరు షట్టరు దించేసి, "ఏం చేస్తామమ్మా, జనానికి ఫోన్లో బొమ్మ పంపుకోవడం వచ్చేసింది" అన్నాడు.

"బొమ్మ పంపుకోవడం వచ్చిందండీ. మాట చెప్పుకోవడం ఇంకా రాలేదు" అంది ఆమె. ఊరికే అన్నమాట కాదు. గట్టిగా నమ్మి అన్నదే.

ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అత్తగారు ఒకప్పుడు స్వెట్టర్లు అల్లే కొట్లో పనిచేసిన మనిషి. దారపు ముక్క కూడా పారేసే రకం కాదు. ఆవిడ మంచం కింద ఒక రేకుపెట్టె, దాని పక్కన అట్టపెట్టెలు, వాటి మీద సంచులు. వాటినిండా ఊలు ఉండలు, లేసు ముక్కలు, రిబ్బన్లు, ఇంట్లో ఎప్పుడో ఎవరికో వచ్చిన బహుమతుల మీది మెరుపు కాగితాలు. అన్నిటికన్నా విలువైనది గుండీల డబ్బా. దాని మూత తీసే హక్కు ఆవిడకొక్కదానికే ఉంది.

"ఊళ్ళో లిఫ్టులన్నీ ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. మా అమ్మ సామాను మాత్రం ఎక్కడమే గానీ దిగడం లేదు" అనేవాడు ఆవిడ కొడుకు.

కొట్టు మూతపడ్డాక ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. వచ్చినవాడు వీధి మలుపులో బేకరీ నడిపే మనిషి. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కుర్చీ అంచున కూర్చున్నాడు. కనుబొమ్మల మీద ఇంకా పిండి ఉంది.

"అక్కా, కొట్టు లేదని తెలుసు. కానీ కార్డంటే నువ్వే గుర్తొచ్చావు."

"ఏం కార్డు కావాలి?"

"అదే తెలియట్లేదు" అన్నాడు.

సంగతేమిటంటే, ఆయన బావమరిది ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయనతోనే చాలాకాలం బేకరీ నడిపాడు. బ్రెడ్డు మెత్తగా ఉండాలా, కాస్త గట్టిగా ఉండాలా అన్న దగ్గర మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయింది. బావమరిది బయటికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు సరిగ్గా ఎదురు వరసలో సొంత బేకరీ తెరవబోతున్నాడు. ఇద్దరికీ మాటల్లేవు. బేకరీ ఆయన భార్య పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. ఇటు మొగుడు, అటు తమ్ముడు.

"అభినందనలు అని పంపితే లొంగిపోయినట్టు ఉంటుంది. ఏమీ పంపకపోతే కుళ్ళుకున్నట్టు ఉంటుంది" అన్నాడాయన.

"పాము చావకూడదు, కర్ర విరగకూడదు. అంతేనా?"

"అంతే అక్కా!"

"మీ మనసులో ఏముందో అది చెప్పండి. కార్డులో ఏముండాలో నేను చూసుకుంటాను."

ఆయన కాసేపు తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "వాడి కొట్టు బాగా నడవాలి. కానీ వాడి బన్ను నా బన్నుకన్నా బాగుండకూడదు."

"రేపు రండి" అంది కార్డులక్క. ఆ క్షణంలో ఆమెకు కలిగిన ఆనందం కొట్లో పనిచేసినన్నాళ్ళూ కలగలేదు. అడిగినది లేదని చెప్పి పంపాల్సిన అవసరం లేదిక.

బజారుకు వెళ్ళలేదు. భర్త కొత్త చొక్కా మడతలో వచ్చిన తెల్లటి అట్ట తీసింది. మొద్దు అల్లికసూదితో మధ్యలో గీత లాగి మడిచింది. అలా గీత లాగి మడిస్తే అట్ట చిట్లదు. పొయ్యి మీద పిండి ఉడికించి జిగురు చేసింది. జిగురు పల్చగా ఉంటే కాగితం ముడతలు పడుతుందని చిక్కబడేదాకా కలియబెట్టింది. పాత చారల చొక్కా చేతిని కత్తిరిస్తే రెండు కొట్ల ముందు పందిళ్ళయ్యాయి. బహుమతి కాగితంలోంచి తలుపులు వచ్చాయి. మధ్యలో రోడ్డుకు బూడిదరంగు ఊలు పోగులు. అంతా బాగానే కుదిరింది గానీ, రెండు కిటికీల్లోనూ పెట్టాల్సిన బన్నులు మాత్రం కుదరలేదు. గోధుమరంగు కాగితాన్ని ఉండలు చుట్టి అంటించింది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "అవేంటమ్మాయ్, గులకరాళ్ళా?"

"బన్నులు అత్తయ్యా."

"ఇవి తింటే ఉన్న నాలుగు పళ్ళూ ఊడతాయి."

"మీ డబ్బాలో పాత కోటు గుండీలు ఉండాలి కదా, తేనెరంగువి."

"ఉంటాయి. డబ్బాలోనే ఉంటాయి" అని ఆవిడ వెళ్ళి మంచం మీద పడుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. చివరికి లేచి, గొణుక్కుంటూ రేకుపెట్టె బయటికి లాగింది. తిరిగి వచ్చి బల్లమీద గుప్పెడు గుండీలు పోసింది. తేనెరంగువి, గుండ్రంగా, పైన కాస్త ఉబ్బి, అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు నిగనిగలాడుతున్నాయి. "నీ మీద ప్రేమతో కాదు. ఆ దిక్కుమాలిన బన్నులు చూడలేక" అంది.

కార్డులక్క ఆ మాట కూడా కానుకలాగే తీసుకుంది. అత్తగారే పక్కన కూర్చుని, "ఎడమవైపు కిటికీలో ఒకటి ఎక్కువ పెట్టు. పెద్దవాడి కొట్టు కదా" అని సలహా కూడా ఇచ్చింది.

లోపల కార్డులక్క గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: 'నీ కొట్టు ముందు జనం బారులు తీరాలి. వాళ్ళలో సగంమంది దారి తప్పి నా కొట్టుకు రావాలి. నీ బన్ను మెత్తగా ఉండాలి. నా బన్నంత కాకుండా. – బావ.'

మరునాడు బేకరీ ఆయన అది చదివి, పగలబడి నవ్వి, సంతకం పెట్టి పట్టుకుపోయాడు.

కొత్త బేకరీ తెరిచిన రెండోరోజో మూడోరోజో ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. "అక్కా, నా పరువు తీశావు! వాడు ఆ కార్డు గోడకు తగిలించాడు. వచ్చిన ప్రతివాడూ చదువుతున్నాడు. నవ్వుతున్నారు. ఎవరిని చూసి నవ్వుతున్నట్టు?"

"కార్డు చదివాకే కదా మీరు సంతకం పెట్టింది?"

"వాడొక్కడికని పెట్టాను! ఊరందరికీ అని పెట్టానా?"

ఆయన వెళ్ళాక ఆమె చేతిలో పని చేతిలోనే ఉండిపోయింది. తను రాసిన మాటలు మనసులో తిరగేసుకుంది. ఎక్కడా ముల్లు లేదు. ఉందేమోనని కాస్త అనుమానం మాత్రం వచ్చింది. అనుమానాన్ని ఇంట్లో పెట్టుకుని కూర్చునే మనిషి కాదు ఆమె. చెప్పులేసుకుని తిన్నగా కొత్త బేకరీకే వెళ్ళింది.

కార్డు గల్లాపెట్టె పైన, ఎవరు వచ్చినా కనబడేచోట ఉంది. నూనెచేతులు తగలకుండా ప్లాస్టిక్కు కవరు తొడిగి ఉంది. ఎవరో ఇద్దరాడవాళ్ళు చదివి నవ్వుకుంటుంటే, బావమరిది మెత్తటి గుడ్డతో ఆ కవరు మీది పిండి తుడుస్తూ, "మా బావ పంపాడండీ. నాకు పని నేర్పింది ఆయనే" అని చెబుతున్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. పదోతరగతి పాసైన పిల్లవాడు సర్టిఫికెట్టు చూపిస్తున్నట్టుంది.

కార్డులక్క ఒక బ్రెడ్డు కొనుక్కుని, తనెవరో చెప్పింది. బావమరిది కౌంటరు దాటి బయటికి వచ్చేశాడు.

"మీరేనా! అయితే నాకూ ఒకటి చెయ్యండి అక్కా. జవాబు పంపాలి కదా."

"ఎదురుగుండా ఉన్న మనిషికి నాలుగడుగులు వేసి నోటితో చెప్పొచ్చుగా?"

అతను నేలచూపులు చూశాడు. "నోరు తెరిస్తే మళ్ళీ బ్రెడ్డు దగ్గరికే వస్తాం అక్కా."

నిజమేననిపించింది ఆమెకు. నోటి మాట జారితే పట్టుకోలేం. కార్డు మీది మాటను పంపేముందు చెరపొచ్చు. ఆ సాయంత్రమే జవాబు తయారైంది. అత్తగారు ఈసారి అడక్కుండానే డబ్బా తెచ్చింది. కార్డు మీద ఊలుతో చేసిన పొడవాటి క్యూ, చివరన ఒక్క మనిషి మాత్రం పక్కకు తిరిగి రోడ్డు దాటుతూ. లోపల: 'ఒకడు దారి తప్పాడు బావా. నీ దగ్గరికే పంపాను. చిల్లర సరిగ్గా ఇచ్చి పంపు.'

అది చదివినప్పుడు బేకరీ ఆయన మొహం ఎలా ఉందో ఆయన భార్య తరవాత వచ్చి నటించి మరీ చూపించింది. ముందు కోపం, తరవాత నవ్వు, ఆ తరవాత లోపలికెళ్ళి పొయ్యి దగ్గర చాలాసేపు ఊరికే నిలబడటం. ఆ కార్డూ గోడెక్కింది. అలా కొన్నాళ్ళు రోడ్డుకు అటూ ఇటూ కార్డులు తిరిగాయి. జనం రెండు కొట్లకూ వెళ్ళి రెండు గోడలూ చదివి, రెండుచోట్లా ఏదో ఒకటి కొనుక్కుపోయేవారు.

ఒకరోజు పొద్దున బావమరిది పొయ్యి చెడిపోయింది. పొంగిన పిండి పళ్ళేలనిండా ఉంది. ఒక స్కూలుకు పంపాల్సిన బన్నులు అవి. ఆలస్యమైతే పిండి అంతా పులిసిపోతుంది. ఎదురు కొట్లోంచి బేకరీ ఆయన ఇది చూశాడు. కార్డు చేయించే వ్యవధి లేదు. రోడ్డుకు అడ్డంపడి పరిగెత్తి, "ఏంట్రా నిలబడి చూస్తావు? పళ్ళేలు ఎత్తు!" అన్నాడు. ఇద్దరూ కలిసి పళ్ళేలన్నీ రోడ్డు దాటించి బావ కొట్లోని పొయ్యిలో పెట్టారు. బన్నులు కాలుతున్నంతసేపూ పిండి మెత్తదనం గురించి పోట్లాడుకుంటూనే ఉన్నారట. "ఆ పోట్లాట వింటుంటే నా ప్రాణం లేచొచ్చింది వదినా" అంది బేకరీ ఆయన భార్య.

ఈ సంగతి ఊళ్ళో పాకింది. జనం కార్డులక్క ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఆమె అందరికీ చేసి ఇవ్వలేదు. ఒకాయన తన భార్య లావును ఎగతాళి చేసే కార్డు కావాలన్నాడు. "నవ్వేది మీరొక్కరే అయితే అది కార్డు కాదండీ, గిల్లుడు" అని తిప్పి పంపింది. ఇంకొకామె పాత యజమానికి నాలుగు తిట్లు రాయమంది. తిట్లన్నీ ఓపిగ్గా విని, టీ ఇచ్చి పంపింది. వెళ్ళేటప్పుడు ఆమెకే కార్డు అక్కర్లేదనిపించింది.

రద్దీ పెరిగాక, ఎవరి మాట వాళ్ళే అంటించుకోవడం మంచిదని ఆమెకు తోచింది. ఇప్పుడు శనివారాలు మధ్యాహ్నం లైబ్రరీ వెనక గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ కార్డులు వాళ్ళ చేతే చేయిస్తోంది. అక్కడ ఒకటే షరతు. కొన్న వస్తువు ఏదీ తేకూడదు, ఇంట్లో ఉన్నదే తేవాలి. అత్తగారు గుండీల విభాగానికి అధిపతి. కార్డు ఎవరికో, ఎందుకో చెబితే గానీ గుండీ ఇవ్వదు. మంచం కింద ఇప్పుడు చీపురు తిరుగుతోందని కొడుకు సంబరపడుతున్నాడు.

మొన్న శనివారం ఒక నర్సు వట్టి చేతులతో వచ్చింది. "మా ఇంట్లో ఏమీ లేవక్కా. నేను దాచుకునే రకం కాదు" అంది.

"లేకపోవడమేమిటి? వంటింటి సొరుగు చూసుకునిరా, పో."

ఆమె ఇల్లు దగ్గరే. వెళ్ళి ఒక కవరుతో వచ్చింది. అందులో వాడేసిన మాత్రల వెండిరేకులు, చిరిగిన యూనిఫాం కాలరు, కాస్త దూది.

"ఎవరికి?" అని అడిగింది అత్తగారు.

"మా వార్డులో ఒక ముసలాయన ఇవాళ ఇంటికి వెళ్ళిపోతున్నాడు పిన్నిగారూ. చేరిన దగ్గర్నించీ నన్ను తిట్టని రోజు లేదు. సూది గుచ్చితే తిట్టాడు, గుచ్చకపోతే మర్చిపోయావని తిట్టాడు. ఇప్పుడు వెళ్ళిపోతుంటే ఏదోలా ఉంది."

"ఏదోలా అంటే?"

"వెళ్ళాలి. మళ్ళీ రాకూడదు. కానీ..." అని ఆగిపోయింది.

"ఆ 'కానీ'నే రాయి" అంది కార్డులక్క.

నర్సు కాలరును మంచంలా కత్తిరించింది. దూదితో దిండు పెట్టింది. వెండిరేకుతో కిటికీ చేసింది. ఆ మంచం మీద మనిషి లేడు, ఖాళీగా ఉంది. లోపల తనే రాసుకుంది: 'మీ తిట్లు లేక వార్డు బోసిపోతుంది. అయినా సరే, మళ్ళీ రావద్దు.' రాసి, రెండుసార్లు చదువుకుని, తలెత్తి కార్డులక్క వైపు చూసింది. కార్డులక్క ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

జిగురు ఇంకా ఆరలేదు. డ్యూటీకి వేళవుతోంది. నర్సు ఆ కార్డును అరచేతుల మీద పళ్ళెంలా పెట్టుకుని, భుజంతో తలుపు తోసుకుంటూ గబగబా బయటికి నడిచింది.