బాబుగారి కారు మీటర్లు

కరోనా భయం తగ్గి, జనం మాస్కులు జేబుల్లోకి తోసేసిన ఏడాది సంగతి ఇది. తాడేపల్లిగూడెంలో మార్కెట్ యార్డుకు వెళ్ళే దారిలో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. బియ్యం లారీలు, ట్రాక్టర్లు, కైకలూరు చేపల వ్యాన్లు నా దగ్గరికి వస్తాయి. హారన్ మోగలేదనో, సెల్ఫ్ పట్టలేదనో వచ్చి, పని కాగానే వెళ్ళిపోతాయి. అలాంటి షాపు ముందుకి ఒకరోజు పొద్దున్నే కోటేశ్వరరావు గారు తన ఎర్ర కారు తెచ్చి ఆపారు.

ఆయనది రైసు మిల్లు. డెబ్బై దాటి చాలాకాలమైన మనిషి. ఆ కారు రెండే సీట్లున్న పాతకాలపు ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, వయసులో ఉండగా మద్రాసులో కొన్నారట. దాని చప్పుడు వింటే చాలు, బాబుగారు వస్తున్నారంటూ ఊళ్ళో సైకిళ్ళు పక్కకి తప్పుకునేవి.

"ఏవయ్యా వెంకన్నా, మీటర్లన్నీ మసకబారిపోయాయి. లోపల చెమ్మ చేరినట్టుంది. విప్పి శుభ్రం చెయ్యి. ఆదివారం మనవరాలికి కొల్లేట్లో గూడబాతుల్ని చూపిస్తానని మాటిచ్చాను," అన్నారు.

"ఈ కారులోనేనాండీ?"

"మరి దేంట్లో? దానికి ఈ కారే కావాలిట!"

ఆ దారి నాకు తెలుసు. చెరువు గట్ల మీద ఒక్క బండి పట్టేంత రోడ్డు, రెండు పక్కలా నీళ్ళు. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు. నిజం చెప్పొద్దూ, అలాంటి డాష్‌బోర్డు విప్పడం అదే మొదటిసారి, ఆ సంబరంలో ఉన్నాను.

ముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీసేశాను. అది తీయకుండా పాత వైరింగులో చెయ్యి పెడితే పొగలే. తర్వాత వెల్లకిలా పడుకుని, తల డాష్ కిందికి దూర్చాను. మీటర్లన్నీ గుండ్రంగా, విడివిడిగా ఉన్నాయి. ఒక్కోదాన్నీ వెనక నుంచి ఒక క్లాంపు, చేత్తో తిప్పే నట్లు పట్టి ఉంచుతాయి. స్పీడోమీటర్‌కి గేర్‌బాక్స్ నుంచి కేబుల్ వస్తుంది, మర తిప్పి లాగాలి. ఆయిల్ ప్రెషర్ మీటర్ అన్నింటికన్నా పెంకిది. దానికి వచ్చేది వైరు కాదు, సన్నటి రాగి గొట్టం. దాంట్లో నిజం ఆయిలే ఉంటుంది. గుడ్డ కుక్కకపోతే మొహమంతా ఆయిలే. నాకు కొంచెం అయింది కూడా. వైర్ల రంగులన్నీ వెలిసి ఒకేలా ఉన్నాయని, మా ఆవిడ కుట్టు మిషన్ డబ్బాలోంచి తెచ్చిన రంగు దారాలు ఒక్కోదానికి ఒక్కోటి కట్టాను. నవ్వితే నవ్వండి, ఇన్నేళ్ళలో ఆ దారాలు నన్ను మోసం చెయ్యలేదు.

మీటర్లు బల్ల మీద వెలుతురులో పెట్టుకుని చూస్తే చెమ్మ లేదు, దుమ్ము లేదు. అంకెలు నిన్న అచ్చేసినట్టున్నాయి. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకి మరక కూడా అంటలేదు. ఇదేంట్రా బాబూ అనుకుంటూ మళ్ళీ బిగించేశాను.

బిగించాక బ్యాటరీ తగిలించాను. పెట్రోలు మీటర్ పరీక్షకి ఇద్దరు కావాలి. వెనక ట్యాంకు దగ్గర వైరు బాడీకి తాకిస్తే ముల్లు ఫుల్లుకి లేవాలి, సీట్లో ఉన్నవాళ్ళు చూసి చెప్పాలి. బాబుగారు కూర్చున్నారు.

"తాకిస్తున్నానండీ!" అన్నాను. వైరు బాడీకి తాకకముందే చేతిలోంచి జారి డిక్కీలో రబ్బరు పట్టా మీద పడింది.

"లేచింది, లేచింది. ఫుల్లు!" అన్నారు.

వైరు ఇంకా పట్టా మీదే ఉంది.

మిల్లు గుమాస్తా శేషగిరి గారు ఆయనతోపాటే వచ్చి బయట బల్ల మీద కూర్చున్నారు. ఆయన్ని పక్కకి పిలిచి బాబుగారి చూపు సంగతి అడిగాను.

"మిల్లులో అందరికీ తెలుసండీ," అన్నారు మెల్లగా. "కారుని గేటు స్తంభానికి రాసేస్తుంటారు. మర్నాడు ఆయన వచ్చేలోపు సున్నం వేయించేస్తాం. కారు గీతలకి రంగు పూయించేస్తాం."

"చెప్పొచ్చు కదండీ!"

"అంత పెద్దాయనకి, మీకు కళ్ళు కనబడట్లేదని ఎలా అంటామండీ? ఏలూరులో ఉన్న వాళ్ళమ్మాయిగారికీ చెప్పలేదు."

నాకు ఒళ్ళు మండింది. అయినా నా నోరు మాత్రం పెగిలిందా? శుభ్రం చేశానండీ అంటే సరిపోయేది, ఆయన సంతోషంగా వెళ్ళిపోయేవారు. ఆ గట్టు కళ్ళముందు మెదిలింది, పక్క సీట్లో చిన్నపిల్ల కూడా. వెళ్ళి బ్యాటరీ ఎర్త్ వైరు మళ్ళీ ఊడదీశాను.

"బాబుగారూ, ఇందాక ముల్లు లేచిందన్నారు. నేనింకా వైరు తాకించనే లేదండీ. మీటర్లు శుభ్రంగా ఉన్నాయి. మసక వాటిలో లేదండీ."

ఆయన మొహం ఎర్రబడింది. "నీ పని వైర్లు చూసుకోవడం," అని తాళం తిప్పారు. కారు పలకలేదు.

"బ్యాటరీ తగిలించు."

"తగిలించనండీ."

వచ్చినవాళ్ళతో ఆ మాట నేనెప్పుడూ అనలేదు. ఆయన బొటనవేలితో స్పీడోమీటర్ అద్దాన్ని రుద్దారు. కళ్ళు దగ్గరగా పెట్టి చూశారు. మళ్ళీ రుద్దారు.

"నిజంగా తుడిచావా?"

"తుడిచానండీ."

"శేషగిరీ, అమ్మాయికి ఫోన్ చెయ్యి," అన్నారు.

ఏలూరులో కళ్ళ డాక్టరుకి చూపించారు. ఒక కంట్లో శుక్లం తీస్తే కొంత చూపు వచ్చింది. రెండోదాంట్లో నరం ఎండిపోయిందట, ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు. ఆయనకి నా మీద కోపం ఉంటుందనుకుని మిల్లు వైపు వెళ్ళడం మానేశాను.

కొన్ని నెలలకి ఒక ఆదివారం షాపు ముందు ఎర్ర కారు ఆగింది. నడుపుతున్నది వాళ్ళమ్మాయి. పక్క సీట్లో బాబుగారు, ఆయన ఒళ్ళో మనవరాలు. గూడబాతుల్ని చూసి వస్తున్నారు.

"ఇలా రావయ్యా," అన్నారు. "ఇంత ఊళ్ళో నాతో అమర్యాదగా మాట్లాడింది నువ్వొక్కడివే. మిగతా వాళ్ళంతా నన్ను బోలెడు గౌరవించారు." పిల్లని దగ్గరికి లాక్కుని, తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు.

విప్పిన మీటరులో తప్పు కనబడకపోతే, ఇప్పుడు నేను బండి దిగిన మనిషి కేసి చూస్తాను. చెప్పాల్సింది ఉంటే "అండీ" అనే చెబుతాను. కానీ చెబుతాను.