వెర్డెల్ కాళ్ళు

ఛీ! ఆ ఆదివారం మధ్యాహ్నం గుర్తొస్తే చాలు, వెర్డెల్ పెటవేకు చచ్చేదాకా ఒళ్ళు మండుతూనే ఉండేది.

ఉత్తర ఫిలడెల్ఫియాలో పుట్టిన మనిషి. తొమ్మిదో ఏటే చర్చిలో ఆర్గన్ ముందు కూర్చుంది. పాస్టరు ప్రసంగం వేడెక్కిందంటే చేతులు మీటల మీద ఆడుతుండగానే ఎడమ పాదం కింది కర్రపలకల మీద పరుగెత్తాలి. ఆ మంద్రపు మోత వినబడితేనే జనం లేచి ఊగేది. జోళ్ళు విప్పేసి మేజోళ్ళతోనే తొక్కేది. ముప్పై ఏళ్ళు వచ్చేసరికి జాజ్ క్లబ్బుల్లో ఆమెకు సాటి లేదు.

ఆమె వాయించే క్లబ్బు యజమాని క్రంప్ మాత్రం, "ఆడదాని కాళ్ళల్లోంచి అంత మోతంటే ఎవరమ్మా నమ్మేది?" అన్నాడు. ఆమె కాళ్ళు కనబడకుండా ఆర్గన్ మూసి ఉన్న వైపును జనానికి తిప్పించి, పక్కన ఓడెల్ అనేవాణ్ణి మంద్రపు మోత పలికే నిలువెత్తు బేస్ తీగవాయిద్యంతో నిలబెట్టాడు. రెండు మోతలు కలిస్తే గోలవుతుందని వాడి తీగలు వదులు చేయించాడు. వాడి పనల్లా వేళ్ళు ఆడించడం, తల ఊపడం. సిగ్గులేని బతుకు!

"ఏం చెయ్యనక్కా, పెళ్ళాం పిల్లలున్నారు," అని వాడు నేల చూపులు చూసేవాడు.

ఆ ఆదివారం పగటి కచేరీకి రికార్డు కంపెనీ మనిషి గిల్‌రాయ్ వచ్చాడు. పన్నెండేళ్ళుగా వెర్డెల్ ఎదురుచూసిన మనిషి. ఆ మోత తనదేనని రికార్డు మీద అచ్చులో పడాలి, అంతే ఆమె కోరిక. మొదటి పాట కాగానే ఆయన తిన్నగా వెళ్ళి ఓడెల్ భుజం తట్టాడు.

"అబ్బ, ఏం మోతయ్యా నీది! నీతో ఒప్పందం రాసుకుంటాం."

ఓడెల్ ఎప్పటిలాగే నేల చూపులు చూశాడు.

రెండో పాట మధ్యలో వెర్డెల్ రెండు కాళ్ళూ ఎత్తి తను కూర్చున్న బల్ల మీద పెట్టేసుకుంది. మోత ఆగిపోయింది. ఓడెల్ వేళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. క్లబ్బులంటే పాపమని ఊరందరికీ చెప్పే చర్చి పెద్దమ్మ లవీనియా ముందు వరసలోనే ఉంది. "అమ్మ నా వెర్డెల్లూ!" అని విరగబడి నవ్వింది. హాలంతా నవ్వింది.

గిల్‌రాయ్ ఒక్కడే నవ్వలేదు. కంగారుగా వెర్డెల్ వైపు వంగి, "ఓడెల్‌కు ఒంట్లో బాగాలేదా అమ్మా?" అన్నాడు.

"మీ చెవులకే బాగాలేదు సార్," అని జోళ్ళు చేతబట్టుకుని దిగిపోయింది.

రికార్డు రానేలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఎక్కడ వాయించినా ఆర్గన్ తిప్పించి, జనానికి వీపు పెట్టే కూర్చుంది. ఎవరైనా పొగరని గొణిగితే వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చేది.

"నా మొహంతో మీకేం పని? కాళ్ళు చూడండి."