మడతలక్క చదివిన మరకలు

"మరక చూసి మనిషి సంగతి చెప్పేస్తానని నాకో పొగరు ఉండేది తమ్ముడూ. ఆ పొగరే నా కొంప ముంచింది," అంది మడతలక్క, వీపు వెనక దిండు సర్దుకుంటూ. "ఆసుపత్రి నేలమాళిగలో కూర్చుని దుప్పట్లు ఉతికేదాన్ని. పైన ఏం జరుగుతుందో నాకేం తెలుసు? గొట్టంలోంచి జారి వచ్చి పడ్డవాటిని చూసి కథ అల్లుకునేదాన్ని."

"ఏం కథ అక్కా?"

"పైన మనుషుల్ని కోసి పారేస్తున్నారని."

స్టవ్ దగ్గర పాలు వడకడుతున్న బావగారు వెనక్కి తిరగకుండానే అందుకున్నారు. "పైన రోజూ తిరిగేవాణ్ణి నేనున్నాను కదా, నన్నొక్క మాట అడిగిందా? లిఫ్టు తలుపు తీసి పట్టుకుని, రావే, ఊరికే ఎక్కి దిగుదువుగాని అంటే, కసాయి కొట్టుకి పిలిచినట్టు చూసేది."

"మిమ్మల్ని అడిగితే ఏమంటారో నాకు తెలీదా? ఏం కాదు అంటారు. ఇల్లు కూలి నెత్తిన పడుతున్నా, ఏం కాదులేవే, పక్కకి జరుగు అంటారు."

"జరిగితే ఏం కాదు కదా మరి," అన్నారాయన.

నేను ఈ భార్యాభర్తల పైఅంతస్తులో ఉంటాను. సాయంత్రం పని నుంచి వచ్చి, మిగతా మెట్లెక్కే ముందు వాళ్ళ గదిలో కాసేపు కూర్చోవడం అలవాటైపోయింది. వాళ్ళిద్దరూ పనిచేసింది ఒకే ఆసుపత్రిలో. ఆయన లిఫ్టు నడిపేవారు. ఆమె ఉతుకుల గదిలో ఉండేది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన పైకీ కిందకీ తిరిగారు, ఆమె మాత్రం జబ్బు పడేదాకా నేలమాళిగ దాటి ఒక్క అంతస్తు ఎక్కలేదు. జీతం ఇచ్చే కిటికీ కూడా కిందే ఉండేదట. "లేకపోతే జీతం కూడా వదిలేసేదే," అంటారు బావగారు.

ఉతుకుల గది ఆమె చెప్పగా చెప్పగా నాకు చూసినట్టే ఉంటుంది. పైకప్పుకి ఆనుకుని ఉన్న సన్నటి కిటికీలోంచి వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. పై అంతస్తుల నుంచి మాసిన బట్టలు రేకు గొట్టంలో జారి బండి మీద ధబ్బున పడతాయి. వాటిని బల్ల మీద వేసి వేరు చేయాలి, నానబెట్టాలి, పెద్ద డ్రమ్ములో వేయాలి, ఆవిరి రోలరు కిందుగా పంపాలి. దుప్పటి మడవడానికి మామూలుగా ఇద్దరు కావాలి, చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడవాలి. ఈమె ఒక కొసని గడ్డం కింద నొక్కిపట్టి ఒక్కతే మడిచేసేది. మడతలక్క అన్న పేరు అలా వచ్చింది. అసలు పేరుతో పిలిస్తే పలకడం మానేసి చాలా కాలమైందట.

బట్టల్లో ఏవేవో వచ్చేవి. దువ్వెనలు, కళ్ళజోళ్ళు, ఒకసారి ఎవరిదో పళ్ళసెట్టు. దాన్ని శుభ్రంగా కడిగి అరలో పెట్టారు, ఎవరూ అడగలేదు. మనలో ముందు ఎవరి పళ్ళు ఊడితే వాళ్ళదే అని ఆడవాళ్ళంతా నవ్వుకునేవాళ్ళట.

మరకల దగ్గర మాత్రం ఆమెకి నవ్వు వచ్చేది కాదు. ఎర్రటివి కొన్నే. ఎక్కువ భాగం గోధుమ రంగువి, అంచుల్లో పసుపు తిరిగి, చాప వెడల్పున పరుచుకున్నవి. అవన్నీ ఎండిన రక్తమని ఆమె నమ్మకం. ఒంట్లోంచి ఇంత పోయాక ఎవరైనా బతుకుతారా అని ఒక్కొక్క దుప్పటి నానబెడుతూ ఆ మనిషి కోసం లోపల్లోపల ఏడ్చేది.

అందుకే ముద్ద గొంతు దిగువన అడ్డం పడడం మొదలైనప్పుడు ఆమె ఎవరికీ చెప్పలేదు. అందరూ తిని లేచాక తినేది. ముద్దని గోరంత చేసి, ఒక్కొక్క దానికీ గుక్కెడు నీళ్ళు తాగేది. వేలి ఉంగరం జారిపోతుంటే దారం చుట్టి బిగించుకుంది. బావగారు ఒకటి రెండుసార్లు అడిగారు, వేడి చేసుంటుందంది. ఏం కాదులే, తగ్గిపోతుంది అన్నారాయన. ఏడాది పైన అలాగే గడిచింది.

అప్పుడు వచ్చింది సిస్టరు.

"ఎవరో ముసలాయన చెవి మిషను దుప్పటితో పాటు కిందకి వచ్చేసిందని వెతకడానికొచ్చింది," అంది మడతలక్క. "పైవాళ్ళెవరూ మా గదికి వచ్చేవాళ్ళు కాదు. ఈవిడ మాతో పాటు కూర్చుని మాసిన మూటలు విప్పింది. నర్సే గానీ ఆవిడ పని సూది వేయడం కాదు తమ్ముడూ, చెప్పడం. పరీక్షకి వచ్చినవాళ్ళ పక్కన ముందే కూర్చుని, నీకు ఇలా ఇలా చేస్తారు, ఇక్కడ ఇలా అనిపిస్తుంది అని చెప్పడం. అందుకే ముందుమాట సిస్టరు అనేవాళ్ళు."

మూటలు విప్పుతూనే మడతలక్క నోరు జారింది. "ఇన్ని ప్రాణాలు పోతుంటే మీకు నిద్రెలా పడుతుంది సిస్టరూ?" అనేసింది. సిస్టరు నవ్వలేదు, కసరలేదు. మర్నాడు పైనుంచి ఒక సీసా తెచ్చి, తెల్లటి గుడ్డ మీద ఒంపి ఆరబెట్టింది. ఆరాక చూస్తే అదే గోధుమ రంగు, అదే పసుపు అంచు.

"ఇది కోసే ముందు చర్మం మీద పూసే మందు అక్కా. రక్తం కాదు," అందట.

"ఆ గుడ్డని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాను," అంది మడతలక్క. "ఇన్నేళ్ళూ సీసా మందుకి ఏడ్చానా అని. అయినా నేను ఆవిణ్ణి నమ్మింది అందుక్కాదు. తర్వాత బండిలోంచి ఇంకో దుప్పటి తీసి, ఇది మాత్రం రక్తమేనక్కా, ఈ మనిషికి చాలా పోయింది అని చెప్పింది. ఆ మాటకి నమ్మాను."

ఆమె మెడ సాగదీసి మింగడం సిస్టరు చూసే ఉంది. చెవి మిషను దొరికాక కూడా కిందకి వస్తూనే ఉంది. గొంతులోకి గొట్టం వేసి చూసే పరీక్ష ఎలా ఉంటుందో చెప్పింది. చెప్పి ఊరుకునేది కాదట. "ఇప్పుడు నేను రోగిని, మీరు నాకు చెప్పండి," అంటూ దుప్పట్లు మడిచే బల్ల మీద ఎడమ పక్కకి తిరిగి పడుకునేది.

"నేను కుళాయి రబ్బరు గొట్టం పట్టుకుని నిలబడ్డాను డాక్టర్లాగా," అని నవ్వింది మడతలక్క. నవ్వు దగ్గులోకి దిగింది. బావగారు గరిటె పక్కన పెట్టి వచ్చి వీపు నిమిరి, మళ్ళీ స్టవ్ దగ్గరికి వెళ్ళారు. "ముందు గొంతులో మందు కొడతారమ్మా, చేదుగా ఉంటుంది. మింగలేనేమో అనిపిస్తుంది, కానీ గాలి ఆడుతూనే ఉంటుంది. వాంతి వచ్చినట్టవుతుంది, కళ్ళమ్మట నీళ్ళు కారతాయి, అది ఏడుపు కాదు. ఆవగింజంత ముక్క తీస్తారు, అది తెలీదు. ఓర్చుకోలేకపోతే చెయ్యెత్తు, ఆపుతారు. ఇవన్నీ వరస తప్పకుండా చెప్పేదాకా వదిలేది కాదు. నేనొకసారి చెయ్యెత్తమనడం మర్చిపోయాను. బల్ల మీద పడుకునే, నన్ను చంపేశారు డాక్టరుగారూ అంది. మా వాళ్ళంతా ఒకటే నవ్వు."

పరీక్ష రోజున ఆమె మొదటిసారి లిఫ్టెక్కింది. మొగుడు స్టూలు మీద కూర్చుని, "ఏ అంతస్తు మేడమ్?" అనడిగారట. "మీ మొహం అంతస్తు," అందట ఈమె. లిఫ్టులో ఉన్నవాళ్ళు ఎవరికి చెప్పుకోవాలో తెలియక బిక్కమొహం వేశారట.

"చెప్పినవన్నీ చెప్పిన వరసలోనే వచ్చాయి," అంది. "చేదు అంది, చేదే. కళ్ళనీళ్ళు అంది, అవీ వచ్చాయి. ముందే తెలిసిన చుట్టాలు ఒక్కొక్కళ్ళే గుమ్మంలోకి వచ్చినట్టుంది. భయం వేయలేదు తమ్ముడూ. ఇన్నేళ్ళు దేనికి భయపడ్డానా అని సిగ్గేసింది."

ఫలితం వచ్చిన రోజు డాక్టరు బావగారి వైపు చూసి మాట్లాడాడు. సిస్టరు మాత్రం ఈమె పక్కన కూర్చుని, "మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందక్కా?" అని అడిగింది. అంతా అంది ఈమె. అంతా చెప్పింది ఆవిడ. అన్నవాహికలో క్యాన్సరు పుండు, దారి మూసుకుంటోంది, పక్కకి కూడా పాకింది, కోసి తీయడం కుదరదు.

"ముద్ద మొదట అడ్డం పడ్డప్పుడే వచ్చుంటే అనడిగాను. చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. తర్వాత, తీసేసేవాళ్ళేమో అక్కా అంది. ఆ ఒక్క మాట దాచి ఉంటే, మిగతావన్నీ కూడా నమ్మకపోదును."

ఆ తర్వాత పుండు మాడ్చడానికి కరెంటు పెట్టే గదికి వెళ్ళొచ్చింది, మిషను ఒంటి చుట్టూ ఎలా తిరుగుతుందో, చర్మం ఎప్పుడు మాడుతుందో ముందే తెలిసి. తిండి దిగడానికి లోపల చిన్న గొట్టం బిగించినప్పుడు కూడా వెళ్ళింది. బెంచీ మీద పక్కన వణుకుతూ కూర్చున్నవాళ్ళకి తనే చెప్పేదట.

ఈలోగా ఆసుపత్రి పెద్దలు ఖర్చుల లెక్కలు చూసుకున్నారు. చెప్పడం కూడా ఒక పనేనా అనిపించింది కాబోలు, సిస్టరుని ఊరి అవతల కొత్త భవనంలో మాత్రలు పంచే పనికి మార్చారు. ఆవిడ కూర్చునే కుర్చీ దగ్గర గోడకి పరీక్ష వివరాల అచ్చు కాగితం ఒకటి అంటించారు. మడతలక్క ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఒకావిడ ఆ కాగితం కింద కూర్చుని, పేరు పిలిచేలోపే లేచి ఇంటికి వెళ్ళిపోయిందట. ఈమె వెనక నుంచి పిలవబోయింది గానీ, గొంతు పెగలలేదు.

ఆ రోజే డాక్టరు, "ఇక మీరు రానక్కర్లేదు," అన్నాడు.

"మీ బావ లిఫ్టులో కిందకి దిగేదాకా అదే పాట. చూశావా, రానక్కర్లేదన్నారు, చూశావా అని. నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. భయం లేకుండా వెళ్ళడం నేర్చుకున్నాను, వెళ్ళడానికి చోటు లేకుండా పోయింది."

బావగారు పాలగ్లాసు తెచ్చి పీట మీద పెట్టారు. ఆమె చెంచాతో రెండుసార్లు తీసుకుని పక్కకి నెట్టింది. ఆయన ఆ గ్లాసు వైపు చూడకుండా, "రేపు తాగుతుందిలే," అని నాతో అన్నారు. "సిస్టరు కూడా వస్తానంది. నిన్న వెళ్ళి కలిశాను. రెండు రోజుల్లో వస్తానంది." తర్వాత మంచినీళ్ళు పట్టడానికి బిందె తీసుకుని కిందకి వెళ్ళారు.

ఆయన అడుగుల చప్పుడు మెట్ల మలుపు దాటేదాకా మడతలక్క ఆగింది.

"వెళ్ళలేదు," అంది.

"ఎవరు?"

"మీ బావ. నిన్నంతా వాన. ఊరి అవతల భవనం దగ్గర ఇంకా రోడ్డే వేయలేదు, అంతా ఎర్రమట్టి. ఆయన ప్యాంటు అంచు చూశాను, ఒక్క చుక్క లేదు. బట్టలు చదవడం నా పని కదా. ఒక్కసారి తప్పు చదివాను, ఇది తప్పు కాదు." దుప్పటి అంచుని వేళ్ళతో మడుస్తూ, విప్పుతూ ఉంది. "పోయిన వారం కూడా వస్తానందన్నారు. వీధి చివర టీ కొట్టులో కూర్చుని వస్తున్నారు, పాపం. ఆవిణ్ణి అడగాల్సిన మాట ఆయన నోట రాదు."

"ఏం మాట అక్కా?"

"నువ్వెళ్ళు. రేపు పనికి సెలవు పెట్టయినా వెళ్ళు. మడతలక్క అన్నిటికీ వెళ్ళొచ్చిందని చెప్పు. ఇదొక్కటే మిగిలింది, దీనికి ముందుమాట చెప్పేవాళ్ళు లేరని చెప్పు. ముందేం ఆగుతుంది, తర్వాత ఏం ఆగుతుంది, ఊపిరి ఎలా ఉంటుంది, నాకు తెలుస్తుందా తెలీదా. వరసగా చెప్పమను. నేను తిరిగి అప్పజెబుతానని కూడా చెప్పు. అక్కడ చెయ్యెత్తితే ఆపేవాళ్ళుండరని నాకు తెలుసు, అది చెప్పక్కర్లేదు."

ఆమె గొంతు అరిగిపోయి, చివరి మాటలు గాలిలాగే వచ్చాయి. అయినా నేను లేచి చెప్పులు వేసుకునేదాకా నా మొహం మీద నుంచి చూపు తీయలేదు.

కింద బిందె నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆవిడ వస్తే వెంట తీసుకురా," అంది. "తీరిక లేదంటే, మీ నోటితోనే నాకు చెప్పండి, నేను చేరవేస్తానని అడిగి, ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకునిరా. అదీ కుదరదందనుకో, కుదరదందని వచ్చి నాకు చెప్పు తమ్ముడూ. నువ్వు కూడా ఈ గుమ్మంలో నిలబడి, వస్తానందక్కా అనకు."