కాంటా కంప్యూటర్‌లో పాత ప్రోగ్రాం

జహీరాబాద్ దాటాక బొంబాయి రోడ్డు పక్కన, లారీలనూ ట్రాక్టర్లనూ తూచే ధర్మకాంటా ఒకటి ఉంది. మంజునాథ్ అక్కడ తూకం వేస్తాడు. యాభై దాటిన మనిషి. పూర్వం లారీ క్లీనరు. ఒకసారి లారీ చెడిపోయి ఈ కాంటా ముందే ఆగింది. లారీ బాగై వెళ్లిపోయింది. అతను ఉండిపోయాడు.

మాట తక్కువ. బండి ఇనుప పలక ఎక్కగానే అంకె చదవడు. గదిలోంచి బయటికి వచ్చి బండి చుట్టూ తిరుగుతాడు. చక్రం అంచు దాటిందా, ఎవరి కాలైనా పలక మీద ఉందా, డ్రైవరు దిగాడా అని చూస్తాడు. ఆ తర్వాతే లోపలికి వెళ్లి కూర్చుంటాడు. తొందరలో ఉన్నవాళ్లు ప్రదక్షిణం అయిందా అని వెక్కిరిస్తారు. అతను నవ్వడు, కోపగించుకోడు.

అక్కడి ట్రాక్టర్లకు ఒక అలవాటుంది. ఖాళీ బండిని సీజను మొదట్లో ఒక్కసారే తూస్తారు. ఆ బరువు కంప్యూటర్‌లో ఉంటుంది. తర్వాత సోయా వచ్చినా చెరకు వచ్చినా నిండు బండిని తూచి అందులోంచి ఖాళీ బరువు తీసేస్తారు. ఖాళీ బండి మళ్లీ వచ్చి వరుసలో నిలబడే పని లేదు. ఆ అంకెను రైతు నమ్ముతాడు, కొనేవాడు నమ్ముతాడు. ఇద్దరూ నమ్మేది నిజానికి మంజునాథ్‌ను.

దసరాకు ముందు యజమాని మదన్‌మోహన్ కొత్త తూకం ప్రోగ్రాం పెట్టించాడు. పాతదానిలోని ఖాళీ బరువులను పండుగ అయ్యాక కొత్తదానిలోకి ఎక్కిస్తానని, పెట్టిన మనిషి చెప్పి వెళ్లాడు.

ఆయుధపూజ నాడు మంజునాథ్ కాంటాను కడిగాడు. పలక కింది గుంటలో చేరిన మట్టిని ఎత్తిపోశాడు. అతని ఇంట్లో ఒక పద్ధతి ఉంది. విరిగిన కొడవలి, తెగిన తాడు బయట పారేశాకే పనిముట్లకు బొట్టు పెడతారు. కాంటా దగ్గర పనిముట్టు అంటే కంప్యూటరే. దాన్ని తుడిచాడు. పాత ప్రోగ్రాం ఫోల్డర్ కనిపించింది. డిలీట్ కొట్టాడు. కొన్ని ఫైళ్లు వాడుకలో ఉన్నాయి, తీయలేనని కంప్యూటర్ అడ్డు చెప్పింది. వాటిని వదిలేయమని నొక్కాడు. తెర మీద కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. బరువులన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉన్నాయన్న సంగతి అప్పుడు తోచలేదు.

పండుగ మర్నాడు పొద్దున కోహీర్ దగ్గరి రైతు బస్వమ్మ సోయా ట్రాక్టర్ తెచ్చింది. బల్ల మీది డబ్బాలో ఎర్ర అంకెలు వచ్చాయి. కంప్యూటర్‌లోకి రాలేదు. డబ్బా నుంచి కంప్యూటర్‌కు వచ్చే తీగను వేరే ప్రోగ్రాం ఏదో పట్టుకుని ఉందని తెర మీద పడింది. ఖాళీ బరువుల కోసం వెతికాడు. కొత్త ప్రోగ్రాంలో ఒక్కటీ లేదు. తాను పారేసినదేమిటో అప్పుడు తెలిసింది.

ఇక బండ్లన్నీ మళ్లీ ఖాళీగా రావాలి. వచ్చిన ప్రతి అంకె మీదా తగువే. కాంటాలో బరువులు పోయాయన్న మాట ఒకసారి రోడ్డెక్కితే బండ్లు అవతలి కాంటాకు తిరుగుతాయి. అతను వెళ్లడానికి ఇంకో చోటు లేదు.

ప్రోగ్రాం పెట్టిన మనిషికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ముందు తీగనైనా విడిపిద్దామని ఇంటర్నెట్‌లో వెతికితే, తీసేసిన ప్రోగ్రాముల చెత్తను ఒక్క నొక్కుతో ఊడ్చే సాధనం ఒకటి ఉచితంగా దొరికింది. దించాడు. అది కంప్యూటరంతా వెతికి ఒక పొడుగాటి వరుస చూపింది. అన్నిటికీ టిక్కులు అదే పెట్టుకుంది. కింద పెద్ద ఆకుపచ్చ బటన్.

కిటికీలోంచి బస్వమ్మ తొంగి చూసింది. "ఏంది మంజన్నా, నా సోయా మొలకలొచ్చెదాక ఆపుతవా?"

అతని వేలు మౌస్ మీదే ఉంది. నొక్కలేదు. వరుసను పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేరు రీసైకిల్ బిన్. తాను పారేసినది వెళ్లింది అందులోకే. నొక్కితే అది కూడా ఖాళీ అవుతుంది.

చేయి వెనక్కి తీసుకున్నాడు. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే నవతకు ఫోన్ చేశాడు. ఆమె స్కూటీ మీద వచ్చింది. జరిగినదంతా, బస్వమ్మ వింటుండగానే, దాచకుండా చెప్పాడు.

"బుట్ట ఖాళీ చేసినవా కాకా?" అంది నవత.

"చెయ్యలే బిడ్డా."

"అయితే ఫికర్ లేదు. ఇగ దేన్నీ ముట్టకు."

ముందు ఫోల్డర్‌ను బుట్టలోంచి దాని చోటుకు తిరిగి తెచ్చింది. బరువుల ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అంకెలు కనబడుతున్నాయో లేదో తెరిచి చూసింది. తర్వాత, ఏదైనా తప్పితే వెనక్కి రావడానికి వీలుగా కంప్యూటర్ ఇప్పటి స్థితిని దాచిపెట్టింది. ప్రోగ్రాముల గుర్తులన్నీ రాసి ఉండే రిజిస్ట్రీకి కూడా ఒక నకలు తీసింది. అంతవరకూ ఒక్కటీ తీసేయలేదు.

ఫోల్డర్ పోయినా పాత ప్రోగ్రాం ముక్క ఒకటి, కంప్యూటర్ లేచినప్పుడల్లా తానూ లేచి తీగను పట్టుకుంటోందని చెప్పింది. కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్లి పాత ప్రోగ్రాంను అక్కడ అన్‌ఇన్‌స్టాల్ చేసింది. ఆ ముక్క కూడా పోయింది. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ లేపింది. ఒక ఖాళీ ఫోల్డరూ, రిజిస్ట్రీలో ఆ పేరుతో కొన్ని వరుసలూ మిగిలాయి. ఒక్కొక్కటి చదివి తీసింది. ఒకదాని దగ్గర ఆగింది.

"అది సుత వాళ్ల పేరే ఉన్నది గద," అన్నాడు మంజునాథ్.

"పేరు వాళ్లదే కాకా. కని కొత్తది సుత ఈ తీగతోని మాట్లాడాలంటే ఇదే కావాలె. ఉంచితే పొయ్యేదేం లేదు. తీస్తేనే లొల్లి."

దాన్ని ఉంచింది. ఊడ్చే సాధనాన్ని తీసేసింది. తర్వాత బరువుల ఫైలును కొత్త ప్రోగ్రాంలోకి ఎక్కించింది. ఎర్ర అంకె తెర మీదికి వచ్చింది. బస్వమ్మ బండి నంబరు కొట్టగానే పక్కన ఖాళీ బరువు పడింది.

బస్వమ్మ కిటికీ వదల్లేదు. "పోయినయంటివి, మళ్ల వచ్చినయంటివి. వచ్చింది నా బండిదే అని నేనెట్ల నమ్మాలె?"

నవత ఏదో చెప్పబోయింది. మంజునాథ్ ఆపాడు.

"నమ్మకక్కా. సోయా దించి ఖాళీ బండి పట్కరా. నీ కండ్ల ముందటనే ఏస్త."

మధ్యాహ్నం ఆమె ఖాళీ బండితో వచ్చింది. తూచాడు. రెండు అంకెలూ దాదాపు ఒకటే. ఉన్న కొంచెం తేడాను ఆమే చూసి, డీజిల్ కాలింది గదా అంది. తూకం చీటీ మడిచి కొంగున కట్టుకుంది.

సాయంత్రం అతనే మదన్‌మోహన్‌కు ఫోన్ చేశాడు. చేసిన పని, జరిగిన పని చెప్పాడు. ఇంకెవరికి తెలుసని అడిగాడు మదన్‌మోహన్.

"బస్వక్కకు తెలుసు పటేలా."

"అయితే ఇగ కోహీర్ల అందరికి తెల్సినట్టే."

"అవు పటేలా. వస్తరు. రానియ్యుర్రి."

ఆ వారం ఖాళీ ట్రాక్టర్లు చాలా వచ్చాయి. ఎందుకు వచ్చారని మంజునాథ్ ఎవరినీ అడగలేదు. ఒక్కొక్కటీ ఎక్కించి తూచాడు. కొత్త బరువు ఎక్కించినప్పుడల్లా, పాతది తీసేయమంటావా అని కంప్యూటర్ అడిగింది. వద్దని నొక్కాడు.