పరదేశి భుజం మీది నీలం తువ్వాలు

పరదేశి ఎండలో పనిచేసినా, వానలో బంతి ఆడినా చొక్కా విప్పేవాడు కాదు. ఈ సంగతి చోడవరంలో చాలామందికి తెలుసు. ఎందుకో మాత్రం భార్య సన్యాసమ్మకే తెలుసు.

వడ్డాది అవతల ఒక బెల్లం గానుగలో పరదేశి నాన్న పాకం వండేవాడు. పరదేశి చిన్నప్పటి నుంచీ ఆ పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసేవాడు. ఒకసారి పెనం దించుతుంటే పాకం పొర్లి అతని వీపు మీద పడింది. మెడ కింద నుంచి నడుం దాకా చర్మం ముడతలు పడిపోయింది. తోటి పిల్లలు "ముద్దబెల్లం" అని పేరు పెట్టారు. ఆ పేరు వినపడని చోటు కోసమే అతను చోడవరం వచ్చి ఉంటాడని సన్యాసమ్మ అనుకునేది. అతను మాత్రం ఎప్పుడూ అలా చెప్పలేదు. అసలు అతను చెప్పే మాటలే తక్కువ.

అరవయ్యెనిమిదిలో ఆ చుట్టుపక్కల డబ్బున్నవాళ్లు కొందరు కలిసి ఫుట్‌బాల్ లీగు పెట్టారు. చోడవరం జట్టు ఒక బియ్యం మిల్లుది. మాడుగుల జట్టు హల్వా కొట్లవాళ్లది. వడ్డాది జట్టు బెల్లం వర్తకులది. దేవరాపల్లి జట్టు ఒక బస్సుల యజమానిది. ఆడేవాడికి ఆ యజమాని దగ్గర ఏడాది పొడుగునా ఉద్యోగం ఉంటుంది. జట్టులో చోటు పోతే ఉద్యోగం కూడా పోతుంది. పరదేశి గోలు ముందు అడ్డం నిలబడి ఆడేవాడు. అతన్ని దాటి బంతి తీసుకుపోవడం కష్టమని పేరుండేది. మొదటి ఏడాదే మిల్లువాళ్లు పిలిచారు. గేటు దగ్గర కాపలా, ఒక స్టూలు, మిల్లు గోడని ఆనుకుని ఒక గది. ఆ గదిలోకే సన్యాసమ్మ కాపరానికి వచ్చింది.

అతని మోకాలు దెబ్బతిన్నది డెబ్బై మూడులో. మరుసటి ఏడాది నాగులచవితి వెళ్లాక మిల్లువాళ్లు అతన్ని విడిచేశారు.

విడవడమంటే వెంటనే వెళ్లిపొమ్మనడం కాదు. లీగు కట్టుబాటు ఒకటుంది. ఏటా మొదటి పిలుపులో జట్లు కొత్త కుర్రాళ్లని తీసుకుంటాయి. వాళ్లకి చోటు కావాలి గనక పాతవాళ్లలో కొందరిని వదలాలి. అలా వదిలినవాళ్లకి రెండో పిలుపు. వాళ్లందరూ హైస్కూలు మైదానంలో సున్నం గీత లోపల, భుజాన పాత జట్టు తువ్వాలు వేసుకుని నిలబడాలి. పోయిన ఏడాది అట్టడుగున ఉన్న జట్టు ముందు పిలుస్తుంది, గెలిచిన జట్టు ఆఖరున. విడిచిన జట్టు తనవాణ్ణి తిరిగి పిలవకూడదు. ఇష్టం లేని జట్టు "చాలు" అంటుంది. ఒకసారి చాలు అంటే ఆ విడతలో మళ్లీ నోరెత్తకూడదు.

విడతలు రెండు. మొదటి విడతలో ఎవరిని పిలిచినా, వాడు పాత జట్టులో చేసినలాంటి ఉద్యోగమే ఇవ్వాలి. అందుకే ఆ విడతలో పిలుపులు తక్కువ. రెండో విడతలో, తక్కువ పనికైనా వస్తాననుకున్నవాడు తువ్వాలు తీసి నేల మీద పెట్టాలి. భుజాన ఉంటే పాత పనే కావాలని అర్థం. వాణ్ణి ఎవరూ పిలవకూడదు. రెండు విడతల్లోనూ మిగిలినవాడు ఇంటికి పోవడమే.

సన్యాసమ్మకి ఈ కట్టుబాటులో ఒక ముక్క బాగా తెలుసు. తువ్వాలు నేలని తగిలితే మనిషి తగ్గినట్టే. మొదటి విడతలో గాలికి జారి పడినా తగ్గినట్టే రాసుకుంటారు. కిందటేడు మాడుగుల ఆటగాడొకడికి అలాగే అయింది. ఈసారి రెండో పిలుపు ముందురోజంతా గాలి వీస్తూనే ఉంది. పొరుగింటి అప్పయమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఒలే, రేపు గాలి ఇలాగే ఉంటాదంటన్నారు. మీ ఆయన తువ్వాలు జాగర్తే."

"పడనిస్తానా?" అంది సన్యాసమ్మ.

రెండో విడత మాట ఇద్దరూ ఎత్తలేదు. విడిచినవాళ్ల ఇళ్లలో ఆ మాట ఎత్తరు. ఎత్తితే అదే వస్తుందని భయం.

తెల్లవారాక ఆమె నీలం తువ్వాలుని నిప్పులు పోసిన చెంబుతో ఇస్త్రీ చేసింది. పరదేశి చొక్కా తొడుక్కున్నాక అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, దబ్బనంతో, గోనె సంచులు కుట్టే దారంతో, తువ్వాలుని చొక్కా భుజానికి కుట్టేసింది.

"ఏటే, నన్ను కూడా బియ్యం బస్తా అనుకున్నావేటి?" అన్నాడు పరదేశి.

"కదలకు మావా, గుచ్చుకుంటాది. తుపానొచ్చినా పడదింక."

అతను నవ్వాడు. భుజం ఎగరేసి చూశాడు. తువ్వాలు కదల్లేదు.

మైదానంలో ఆడవాళ్లకి తాడు కట్టిన చోటు ఒకటుంది. సన్యాసమ్మ అప్పయమ్మ వెనక నిలబడింది. లీగు పెద్ద జగ్గారావు కుర్చీలోంచి లేచి గంట కొట్టాడు. అట్టడుగు జట్టు గనక దేవరాపల్లికి ముందు వంతు. వాళ్ల తరఫున బంగార్రాజు మాడుగుల విడిచిన గోల్‌కీపర్ని పిలిచాడు. వడ్డాది వర్తకుల మనిషి పరదేశి దగ్గర ఆగాడు. మోకాలు చూశాడు.

"ఓపాలి గుంజీ తియ్యి."

పరదేశి తీశాడు. లేచేటప్పుడు ఆలస్యమైంది.

"చాలు," అన్నాడు వర్తకుల మనిషి.

మాడుగులవాళ్లు ఒకణ్ణి తీసుకున్నారు. ఆ తర్వాత అందరూ చాలు అన్నారు. గాలి వీస్తూనే ఉంది. నీలం తువ్వాలు పడలేదు. సన్యాసమ్మ చూస్తూ ఉంది.

రెండో విడతకి ముందు బంగార్రాజు సున్నం గీత దగ్గరికి వచ్చి గట్టిగానే అన్నాడు. "పరదేశీ, బస్సులు కడిగే పనుంది. మోకాలితో మాకు పనిలేదు, నువ్వు ఎనకాల నిలబడి కుర్రోళ్లని కేకలేస్తే సాలు. దించీ. పిలుస్తాను."

పరదేశి తల ఊపాడు.

"దించీవోళ్లు దించండి," అని జగ్గారావు మొదటిసారి కేకేశాడు.

పక్కనున్న ఇద్దరూ తువ్వాళ్లు తీసి కాళ్ల ముందు పెట్టారు. పరదేశి తువ్వాలు పట్టుకుని లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. చొక్కా భుజమంతా పైకి లేచింది. చూస్తున్నవాళ్లలో ఎవడో నవ్వాడు.

"కుట్టీసుకొచ్చేడ్రోయ్!"

"ఆడికి పాత ఉజ్జోగమే కావాలంట, దారమేసి కట్టుకున్నాడు!"

అప్పయమ్మ వెనక్కి తిరిగి సన్యాసమ్మ మొహం చూసింది. "ఓలమ్మ, ఎంత పన్జేసేవే," అంది. ఆ ముడి ఎక్కడుందో సన్యాసమ్మకి తెలుసు. మెడ పక్కన, కాలరు కింద. పంటితో కొరికితే ఊడిపోతుంది. తాడు దాటితే నాలుగు అంగలు. బయటివాళ్లు గీత లోపలికి పోకూడదు, నిజమే. కానీ ఆమె ఆగింది అందుకు కాదు. కాళ్లు కదలలేదు, అంతే.

జగ్గారావు రెండోసారి కేకేశాడు.

"సొక్కా ఇప్పీరా బాబూ!" అని బంగార్రాజు అరిచాడు. "సొక్కాతో సహా కింద పెట్టీ! నాకేటి అడ్డం లేదు."

జనం ఇంకా నవ్వారు. పరదేశి చెయ్యి పై గుండీ మీదికి వెళ్లింది. ఒక గుండీ తీశాడు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. వడ్డాది నుంచి వచ్చిన బళ్లు కూడా ఉన్నాయి. అతను ఆ బళ్ల వైపు చూశాడు. రెండో గుండీ మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత తీసిన గుండీ మళ్లీ పెట్టుకున్నాడు. చేతులు కిందికి వదిలేశాడు.

మూడో కేకతో గడువు అయిపోయింది. బంగార్రాజు తువ్వాలు వంక చూసి, "మరేటి సేస్తాం, చాలు," అన్నాడు.

ఇద్దరూ ఇంటికి వచ్చారు. సన్యాసమ్మ పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి, అతని వెనక కూర్చుని దారం ఊడదీసింది. దారం గట్టిది. ముడి కొరకాల్సి వచ్చింది.

"బాగా కుట్టేవు," అన్నాడు పరదేశి.

అది దెప్పడం కాదు. మెచ్చుకోలూ కాదు. ఉన్నమాట అన్నట్టు అన్నాడు. ఏడుపు వస్తుందేమోనని ఆమె చూసుకుంది. రాలేదు. అన్నం ఉడికింది, తిన్నారు.

మిల్లు గది ఖాళీ చేసి వాళ్లు వడ్డాది వైపు వెళ్లారు. చెరకు నరికే రోజులు మొదలయ్యాయి. వాళ్ల నాన్న వండిన గానుగలోనే పరదేశికి పని దొరికింది. పాతవాళ్లు గుర్తుపట్టారు. "ఏరా ముద్దబెల్లం, వచ్చీసేవా?" అన్నారు. "వచ్చీసేను," అన్నాడు. తర్వాత రెండేళ్లకి లీగు ఆగిపోయిందని ఎవరో చెబితే ఇద్దరూ విన్నారు. ఏ జట్టు ఆఖరున గెలిచిందో అడగలేదు.

అక్కడ పనికి కుదిరిన మొదటి వారంలో సన్యాసమ్మ అన్నం గిన్నె పట్టుకుని గానుగకి వెళ్లింది. పొయ్యి ముందు పొగ, వేడి. పెనం చుట్టూ మగవాళ్లు గోచీలతో ఉన్నారు. వాళ్లలో ఒకడి వీపు ఆమె గుర్తుపట్టింది. చొక్కా గోడ మేకుకి వేలాడుతోంది. పాకం పెనం అంచు పట్టుకోవడానికి అతను నీలం తువ్వాలు మడిచి చేతికి చుట్టుకున్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ అతని వీపు వైపు చూడటం లేదు. ఆమె గిన్నె నీడలో పెట్టి, పక్కన కూర్చుంది.