వంకర ముక్కు

బొమ్మలాయన బొటనవేలు తడిచేసుకుని, బజారులో కొన్న వీరుడి బొమ్మకు పుట్టీతో కొత్త ముక్కు దిద్దుతున్నాడు. అడిగినవాళ్లకు కావలసిన మనిషి పోలిక బొమ్మకు తేవడం ఆయన పని. ఈ ముఖం పోయినేడు చనిపోయిన ఒక కుర్రవాడిది. ఫొటో తెచ్చిన వాడి అక్క ఎదురుగానే కూర్చుంది. ఫొటోలో వంకర కనిపిస్తున్నా, చేతి అలవాటుకొద్దీ ముక్కును తిన్నగా తీశాడు.

"మావాడు ఇంత అందగాడు కాదు అన్నయ్యా," అని నవ్వబోయిందామె. "వంకరముక్కోడా అంటేనే పలికేవాడు. ఇంత చక్కని ముక్కున్నవాణ్ణి నేనేమని పిలవను?"

ఆయన పుట్టీ గట్టిపడేలోగా సూదిమొనతో ముక్కును వెంట్రుకవాసి చొప్పున పక్కకు ఒత్తుతూ పోయాడు. ఆమె ఏడుపు వినబడగానే, ఇక చాలని చెయ్యి తీసేశాడు.

రంగు ఆరాక బొమ్మను అందించాడు. పసిబిడ్డను అందుకున్నట్టు, ఆమె మెడ కింద వేలు ఆనించి తీసుకుంది.