తిప్ప మీది హోటల్, ఒక సర్వే రాయి

చిత్తూరులో సర్వే శాఖ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా నాకది ఆఖరి ఏడు. ఉగాది వెళ్లిన వారానికి, కార్వేటినగరం వైపున్న ఒక పెద్ద చెరువు నడుమ తిప్పను కొలిచి నివేదిక ఇమ్మని ఆర్డీవో గారి ఉత్తర్వు వచ్చింది. ఆ తిప్ప మీద ఒక పాత హోటల్ ఉంది. ఒకప్పుడు అది జమీందార్ల వేట బంగళా. ఇప్పటి యజమాని దొరస్వామి వాళ్ల తాత దాన్ని కొని, గదులు వేసి హోటల్ చేశాడు. అది పట్టా భూమిలో ఉందా, చెరువు పోరంబోకులో, అంటే ప్రభుత్వ భూమిలో ఉందా అన్నది తగాదా. పోరంబోకని తేలితే కూల్చేస్తారు.

మా శాఖలో ప్రతి సర్వే నంబరుకూ కొలతల పటం ఉంటుంది. ఆ పటంలో తిప్పకు ఈశాన్య మూలన, బాణం గుర్తు చెక్కిన ఒక హద్దు రాయి చూపించారు. నాకు ముందు వచ్చిన ఇద్దరు సర్వేయర్లూ "రాయి గల్లంతు" అని రాసి వెళ్లిపోయారు. నేనూ రెండు రోజులు తవ్వించాను. దొరకలేదు.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ వంటమనిషి మునెమ్మ, "ఏం ఎతకతా ఉండారు సారూ?" అని అడిగింది. చెప్పాను.

"బాణం గుర్తు రాయేనా? వంటింట్లోనే ఉండాది గదా, బియ్యం డ్రమ్ము కింద. బండలు పరిచేటప్పుడు పెరకబోతే మా అత్త ఒప్పుకోలే. గవర్మెంటు రాయి, ముట్టుకోవద్దండి అనింది."

"ముందొచ్చిన వాళ్లకు చెప్పలేదా?"

"అడగలే. పులుసు బాగుండాదని తినేసి పోయినారు."

డ్రమ్ము జరిపి బండ లేపాం. రాయి ఉంది. అయితే రాయి కనబడగానే పని అయిపోదు, అది కదల్లేదని రుజువు కావాలి. ఒడ్డున మిగిలిన రెండు పాత రాళ్ల నుంచి యంత్రంతో దూరాలు తీశాను. పటంతో సరిపోయాయి.

హద్దు గీస్తే బంగళా, గదులు అన్నీ పట్టాలోనే ఉన్నాయి. తర్వాతెప్పుడో వెనక దించిన వంటిల్లు మాత్రం సగం అవతల పడింది. నేను ఆ సంగతి ఎత్తకుండా పటం మడుస్తుంటే మునెమ్మే వచ్చి ఏం తేలిందని అడిగింది. వెనక సగం తీసేయాలన్నాను.

ఆమె పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. "పోనీలే సారూ, తక్కింది నిలిచింది గదా" అని, గుమ్మంలో నిలబడ్డ దొరస్వామి వైపు తిరిగి, "పొయ్యి ముందర వరండాలో పెట్టించప్పా. ఆడ గాలన్నా వస్తాది" అంది.

దొరస్వామి తనే మనుషుల్ని పెట్టి ఆ భాగం తీయించాడు. నా నివేదిక ఆమోదం పొందింది. హోటల్ ఇప్పటికీ నడుస్తోంది.

రెండు రోజులు నేనూ మునెమ్మ చేతి అన్నమే తిన్నాను, ఆమెను ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత మిగిలిన నా సర్వీసులో, ఎక్కడికి వెళ్లినా యంత్రం దించకముందే అక్కడ రోజూ మసలే వాళ్లందరినీ అడిగాను. వాళ్లు చెప్పింది కొలతతో సరిచూడకుండా రికార్డులోకి ఎక్కదు. ఎక్కడ తవ్వాలో మాత్రం వాళ్లకే తెలుస్తుంది.